పది బిళ్ళ ఎవరి కొంగున ఆగిపోతోంది?



మిర్చి ధర, పత్తి తేమ, యూరియా లైను, అడవిపందుల గోల... మనం రోజూ మాట్లాడుకునేవి ఇవే. ఇయ్యాల ఒక చిన్న విషయం మాట్లాడుకుందాం. అరచేతిలో పట్టేంత చిన్నది. పది రూపాయల బిళ్ళ.

మన వైపు ఏ కిరాణా కొట్టుకైనా పోయి చూడండి. పది బిళ్ళ ఇస్తే కొట్టాయన చెయ్యి వెనక్కి తీసుకుంటాడు. "ఇది నడవట్లేదు, నోటు ఇయ్యి" అంటాడు. ఆటో ఆయనదీ అదే మాట, టీ బండి ఆయనదీ అదే మాట. అదే మనిషికి చెమటకు నాని, మధ్యలో చిరిగి, టేపు అతికించి, అంకె కూడా సరిగ్గా కనపడని పది నోటు ఇవ్వండి. చప్పుడు చెయ్యకుండా గల్లాలో వేసుకుంటాడు. పుచ్చు విత్తనం తీసుకుని గట్టి విత్తనం వద్దన్నట్టుంది మన యవ్వారం.

ఇరవై రూపాయల బిళ్ళ సంగతి ఇంకా చిత్రం. చాలామంది దాన్ని ఇంకా చూడనే లేదు. చూసినవాళ్లు "ఇది ఏ దేశంది?" అని తిప్పి తిప్పి చూస్తారు. పన్నెండు పలకల బిళ్ళ అది. 2019 మార్చిలో విడుదల చేశారు. దాని మీద ఏం బొమ్మ ఉందో తెలుసా? ధాన్యపు గింజలు. ఈ దేశంలో వ్యవసాయానిదే పెద్దపీట అని చెప్పడానికి వేశారు. రైతు గుర్తు వేసి కొట్టిన బిళ్ళను రైతుల ఊళ్లోనే ఎవరూ గుర్తుపట్టరు, తీసుకోరు.

నేను చెప్పదల్చుకున్నది ముందే చెప్తా. బిళ్ళ చెల్లుతుంది, అందులో అనుమానం లేదు. కానీ "చెల్లదు" అనే మాట వల్ల నష్టపోతున్నది కొట్టాయన కాదు. మీరూ నేనూ కూడా పెద్దగా కాదు. ఆ బిళ్ళ తీసుకున్నాక ఇంకెవరికీ ఇయ్యలేని మనిషి నష్టపోతోంది. ఆ మనిషి మన చేలోకి కూలికొచ్చే మనిషి. అందుకే ఇది చిల్లర విషయం కాదు.

ముందు ఈ పుకారు సంగతి చూద్దాం.

పది బిళ్ళ మన చేతుల్లోకి వచ్చింది 2009లో. మొదట్లో వచ్చిన వాటిల్లో ఒక రకానికి అంకె పైన పదిహేను గీతలు ఉండేవి. 2010లో మన రూపాయికి కొత్త గుర్తు వచ్చింది. ఆ గుర్తు వేసి 2011 నుంచి కొట్టిన బిళ్ళల మీద పది గీతలు పెట్టారు. ఇంతే జరిగింది. దీన్ని పట్టుకుని ఎవడో "పది గీతలుంటే అసలు, పదిహేను గీతలుంటే నకిలీ" అని ఫోన్లో ఒక మెసేజ్ వదిలాడు. అది ఊరూరా తిరిగింది. "చెల్లని రూపాయికి గీతలెక్కువ" అని మన పెద్దల సామెత ఒకటుంది. ఆ సామెత మనిషిని ఉద్దేశించి అన్నది. మనవాళ్లు నిజంగానే గీతలు లెక్కపెట్టడం మొదలుపెట్టారు.

ఆ పుకారు వచ్చిన కాలం కూడా గుర్తు తెచ్చుకోండి. 2016 నవంబర్ 8 రాత్రి ఐదొందలు, వెయ్యి నోట్లు రద్దయ్యాయి. పొద్దుటి దాకా డబ్బు అనుకున్నది తెల్లారేసరికి కాగితం అయింది. ఆ దెబ్బ తిన్న జనం ఏ మాటైనా నమ్ముతారు. మనం చేతిలో నోట్లు పట్టుకుని బ్యాంకు ముందు నిలబడ్డ ఆ రోజుల్లోనే, అదే నెల 20న రిజర్వు బ్యాంకు ప్రకటన ఇచ్చింది, పది నాణెం మీద వచ్చే పుకార్లు నమ్మకండి అని. 2018 జనవరి 17న మళ్లీ చెప్పింది. అప్పటికి పది రూపాయల నాణేలు పద్నాలుగు రకాల బొమ్మలతో వచ్చాయి, పద్నాలుగూ చెల్లుతాయి అని. 14440 నంబరుకు మిస్డ్ కాల్ ఇస్తే వాళ్లే తిరిగి ఫోన్ చేసి ఈ సంగతి చెప్పే ఏర్పాటు కూడా చేశారు. పుకారు మాత్రం ఆగలేదు. ఎందుకంటే ప్రకటన పేపర్లో వచ్చింది, పుకారు కొట్టు దగ్గర వచ్చింది. మన ఊళ్లలో కొట్టు దగ్గర మాటకే బలం ఎక్కువ.

పద్నాలుగు రకాలు ఎందుకన్నా అని అడుగుతారు. నాణెం నోటులా రెండేళ్లకు నలిగిపోదు. ఏళ్లకేళ్లు తిరుగుతుంది. పాతవి ఉండగానే కొత్తవి వస్తాయి. పెద్దవాళ్ల జయంతులకు, దేశంలో జరిగిన ముఖ్య ఘట్టాలకు గుర్తుగా ప్రత్యేకంగా కొడతారు. అంబేద్కర్ 125వ జయంతికి 2015లో పది బిళ్ళ వచ్చింది. పార్లమెంటుకు అరవై ఏళ్లు నిండినప్పుడు వచ్చింది. వైష్ణోదేవి అమ్మవారి బొమ్మతో ఒకటి వచ్చింది. మన పొలంలో ఒకే మిర్చి నాలుగు రకాలు వేస్తాం. కాయ తీరు వేరైనంత మాత్రాన అది మిర్చి కాదంటామా?

ఇంకో ముచ్చట. మీ దగ్గరున్న బిళ్ళ మీద సంవత్సరం కింద చూడండి. చిన్న నక్షత్రం ఉందంటే అది హైదరాబాద్ టంకశాలలో పుట్టింది. సైఫాబాద్‌లో నిజాం కాలం నాటి టంకశాల 1903 నుంచి నడిచింది, 1997లో చర్లపల్లికి మారింది. చుక్క ఉంటే నోయిడాది. డైమండ్ ఆకారం ఉంటే ముంబైది. ఏ గుర్తూ లేకపోతే కలకత్తాది. మన చర్లపల్లిలో కొట్టిన బిళ్ళ ఢిల్లీలో, ముంబైలో రోజూ నడుస్తోంది. మన చర్లలో, మన దమ్మపేటలో "చెల్లదు" అంటున్నాం.

చట్టం కూడా చెప్తా, వాదన వస్తే పనికొస్తుంది. 2011 నాణేల చట్టం ప్రకారం రూపాయి, ఆపైన ఉన్న నాణేలను వెయ్యి రూపాయల వరకు చెల్లింపుగా ఇవ్వొచ్చు. అంటే పది బిళ్ళలు వంద. ఆఠాణా బిళ్ళ ఇప్పటికీ రద్దు కాలేదు. అది పది రూపాయల వరకు చెల్లుతుంది. రద్దయింది పావలా, దానికంటే చిన్నవి. 2011 జూన్ 30 నుంచి అవి లేవు. కొత్త రూపాయి బిళ్ళ చిన్నగా ఉంటే దాన్ని ఆఠాణా అనుకుని పక్కన పెట్టేవాళ్లు ఉన్నారు. అది రూపాయే. మీద అంకె చూడండి, సైజు కాదు.

ఇక అసలు విషయం.

పోయిన మిర్చి ఏరుడు కాలంలో మా చేలోకి గూడెం నుంచి వచ్చిన ఒక అక్క మధ్యాహ్నం బువ్వ తినేటప్పుడు కొంగు ముడి విప్పి చూపించింది. తొమ్మిది బిళ్ళలు, అన్నీ పదివే. తొంభై రూపాయలు. సంతలో చింతపండు అమ్మితే కొన్నాయన నోట్లతో కలిపి ఇవి ఇచ్చాడంట. అదే సంతలో ఉప్పు, నూనె కొనబోతే ఒక్కరూ తీసుకోలేదు. తిరిగి చింతపండు కొన్నాయన దగ్గరికే పోతే, "ఎనిమిదికైతే తీసుకుంటా" అన్నాడంట.

ఈ మాట ఇంకోసారి చదవండి. ఇచ్చేటప్పుడు పది. తీసుకునేటప్పుడు ఎనిమిది.

ఖమ్మం మార్కెట్లో మన బస్తాకు ఒక కిలో తరుగు ఎక్కువ తీస్తే ఊరుకుంటామా? కాంటా ఆపుతాం. గేటు ముందు కూర్చుంటాం. టీవీలను పిలుస్తాం. ఇక్కడ ఆ అక్క డబ్బుకే తరుగు తీస్తున్నారు. పదికి రెండు. నూటికి ఇరవై. చింతపండులో ఒకసారి తరుగు పోయింది, వచ్చిన డబ్బులో రెండోసారి పోయింది. దానికి ధర్నా చేసేవాడు లేడు. ఎందుకంటే దాన్ని తరుగు అని ఎవరూ అనట్లేదు. "బిళ్ళ చెల్లట్లేదు" అంటున్నారు.

నేను ఆ తొమ్మిది బిళ్ళలు తీసుకుని నోట్లు ఇచ్చా. తర్వాత బ్యాంకులో డబ్బు కట్టడానికి పోయినప్పుడు వాటితో కలిపి ఇస్తే లెక్కపెట్టి తీసుకున్నారు. ఖాతాలో తొంభై పడ్డాయి. ఎనభై ఒకటో, డెబ్బై రెండో కాదు, తొంభై. నేను చేసింది గొప్ప పనేం కాదు. చెప్పేదేందంటే, నాకు బ్యాంకు దారి ఉంది, బండి ఉంది, ఖాతా ఉంది. ఆ అక్కకు బ్యాంకు ముప్పై కిలోమీటర్లు. ఒకరోజు కూలి పోగొట్టుకుని, ఆటోకు పోను రాను పెట్టుకుని తొంభై రూపాయల కోసం పోతుందా? పోదు. ఎనిమిదికే ఇచ్చేస్తుంది. లేదంటే కొంగులోనే ఉంచుకుంటుంది.

నీళ్లు పల్లానికి పోయి ఆగినట్టు, వద్దన్న బిళ్ళ కూడా చివరికి కిందున్న మనిషి దగ్గరే ఆగుతుంది. పెద్ద వ్యాపారి కొట్టాయన మీదికి నెడతాడు, కొట్టాయన మన మీదికి నెడతాడు, మనం కూలి డబ్బులో కలిపి నెడతాం. ఆమె ఎవరి మీదికి నెడుతుంది? ఆమె తర్వాత అడవే. ఛత్తీస్‌గఢ్ నుంచి మిర్చి ఏరడానికి వచ్చే కూలీల సంగతైతే ఇంకా చెప్పక్కర్లేదు. వాళ్లకు మన భాషే సగం రాదు, ఇక వాదించేదెక్కడ?

"ఇప్పుడంతా ఫోన్‌పేనే కదన్నా, బిళ్ళలెవరిక్కావాలి?" అంటారు కుర్రాళ్లు. మెయిన్ రోడ్డు మీద నిజమే. రోడ్డు దిగి అడవిలోకి నాలుగు కిలోమీటర్లు పోతే సిగ్నల్ ఉండదు. ముసలోళ్ల దగ్గర బటన్ ఫోన్ కూడా ఉండదు. వాళ్లకు డబ్బంటే చేతిలో పట్టుకునేదే. ఆ చేతిలో ఉన్నదాన్నే మనం చెల్లదంటే వాళ్లకింకేం మిగిలింది?

మన ప్రాంతానికి ఈ బాధ కొత్త కాదు. పాత ముచ్చట ఒకటి గుర్తుచేస్తా.

భద్రాచలం 1959 దాకా తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. స్వాతంత్ర్యానికి ముందు అది బ్రిటిష్ వాళ్ల మద్రాసు కింద. గోదారికి ఇవతలి ఒడ్డు, బూర్గంపాడు, పాల్వంచ, ఖమ్మం అంతా నిజాం రాజ్యం. నిజాంకు సొంత డబ్బు ఉండేది. చార్మినార్ ముద్ర ఉన్న హాలీ సిక్కా. అవతలి ఒడ్డున బ్రిటిష్ రూపాయి. దాన్ని ఇటువైపు కల్దార్ అనేవాళ్లు. అంటే గోదారి మీద వంతెన కూడా లేని ఆ రోజుల్లో పడవ దిగితే డబ్బే మారిపోయేది. ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్లకు సమానం. ఆ లెక్క తెలిసినోడు ఏడుకు ఆరు తీసుకునేవాడు. తెలియనోడికి ఎంత చేతిలో పెడితే అంతే. మధ్యలో డబ్బు మార్చే షావుకారు వట్టం పట్టుకునేవాడు. రెండు ఒడ్లకూ పోయి అమ్ముకునే చిన్నోడికి పోయేది ఆ వట్టమే.

హైదరాబాద్ రాజ్యం ఇండియాలో కలిశాక 1950లో భారత రూపాయి ఇక్కడికీ వచ్చింది. కొన్నాళ్లు రెండూ నడిచాయి. ఆ గొడవ సద్దుమణిగేలోపు 1957 ఏప్రిల్ 1న నయా పైసలు వచ్చాయి. అప్పటిదాకా రూపాయికి పదహారు అణాలు. ఆ రోజు నుంచి రూపాయికి వంద పైసలు. ఒక అణా అంటే ఆరుంపావు పైసలు. ఆ పావు పైసను ఎవరు ఎటు సర్దుతారు? కొట్టాయన తన వైపే సర్దుకుంటాడు కదా. చదువు రాని జనం వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ ఆ మార్పును దాటారు. ఇప్పటికీ మన నోట్లో ఆ అణాలు పోలేదు. గోదారి అవతల పావలా అంటారు, ఇవతల చారాణా అంటారు. "చారాణా కోడికి బారాణా మసాలా" అని రోజూ అంటూనే ఉంటాం.

అప్పుడు లెక్క నిజంగానే కష్టం. రెండు రాజ్యాలు, రెండు డబ్బులు, అణాలు పోయి పైసలు. ఇప్పుడు ఏముంది? ఒకే దేశం, ఒకే రూపాయి, బిళ్ళ మీద పది అని అంకె వేసి ఉంది. అయినా పదికి రెండు వట్టం పోతోంది. రాజ్యం మారింది గానీ వట్టం మారలేదు.

అడవిలో పండినదానికి సరైన ధర ఇప్పించాలి, షావుకార్ల మోసం ఆపాలి అనే 1956లో గిరిజన సహకార సంస్థ పెట్టారు. జీసీసీ అని మనందరికీ తెలుసు. కాంటా దగ్గర మోసం ఆపడానికి ఒక సంస్థ కావాల్సి వచ్చింది. చేతిలో పెట్టిన డబ్బు దగ్గర మోసం ఆపడానికి ఏ సంస్థా అక్కర్లేదు. "నేను తీసుకుంటా" అని మనం అంటే చాలు.

కొట్టాయన వైపు నుంచి కూడా మాట్లాడాలి, లేకపోతే న్యాయం కాదు. ఆయనకు బిళ్ళ మీద పగేం లేదు. "నేను తీసుకుంటా అన్నా, రేపు హోల్‌సేల్ ఆయన తీసుకోడు, బ్యాంకులో లెక్కపెట్టే తీరిక లేదంటారు, నా గల్లాలో మూట పడి ఉంటుంది" అంటాడు. అది నిజమైన ఇబ్బందే. నకిలీ నాణేల ముఠాలు దొరికాయని వార్తలు వస్తాయి, అదీ నిజమే. కానీ నకిలీ ఐదొందల నోట్లు కూడా దొరుకుతున్నాయి. దానికని ఐదొందలు మానేశామా? వెలుతురులో పెట్టి చూసి తీసుకుంటున్నాం. బిళ్ళనూ అట్లాగే చూసి తీసుకోవచ్చు.

ఇక బ్యాంకు విషయం. అన్ని శాఖలూ అన్ని రకాల నాణేలూ తీసుకోవాలని రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. వంద చొప్పున కవర్లలో కట్టి తెస్తే వాళ్లకూ సులువు. వంద పది బిళ్ళలంటే సరిగ్గా వెయ్యి. కాదంటే ముందు మేనేజరుకు రాతపూర్వకంగా ఇవ్వండి. అక్కడ తేలకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఫిర్యాదు పెట్టొచ్చు. 14448కు ఫోన్ చేస్తే ఎట్లా పెట్టాలో చెప్తారు.

పనిలో పనిగా ఇంకోటి. ముసలమ్మల పెట్టెల్లో రెండు వేల నోటు ఒకటీ అరా దొరుకుతూనే ఉంది. 2023 మే 19న వాటిని వెనక్కి తీసుకుంటున్నామని చెప్పారు గానీ రద్దు చెయ్యలేదు. మామూలు బ్యాంకుల్లో గడువు ఆ ఏడాది అక్టోబర్ 7తో అయిపోయింది. హైదరాబాద్ రిజర్వు బ్యాంకు ఆఫీసుకు పోస్టులో పంపి ఖాతాలో వేయించుకునే దారి పెట్టారు. పోస్టాఫీసులో అడగండి. అంతేగానీ ఎవడో వచ్చి "వెయ్యి ఇస్తా ఇచ్చెయ్" అంటే ఇవ్వకండి. అది కూడా వట్టమే.

సరే, మనం ఏం చెయ్యాలి? నాకు తోచింది చెప్తా.

ఒకటి, మన చేతికి పది బిళ్ళ, ఇరవై బిళ్ళ వస్తే తీసుకుందాం. కూరగాయలు అమ్మేటప్పుడు, పాలు పోసేటప్పుడు, ఎక్కడైనా. రైతు తీసుకుంటున్నాడంటే ఊళ్లో మాట మారుతుంది.

రెండు, కూలి ఇచ్చేటప్పుడు ఊళ్లో నడవని బిళ్ళలన్నీ ఏరి కూలోళ్లకే ఇవ్వకండి. మనం కొట్లో ఇవ్వలేనిది వాళ్లెట్లా ఇస్తారు? ముందు మనం కొట్లో నడిపించాలి. వాళ్ల దగ్గర పేరుకున్నవి ఉంటే తీసుకుని నోట్లు ఇద్దాం. బ్యాంకుకు ఎట్లాగూ మనం పోతాం.

మూడు, గ్రామసభలో ఒక మాట అనుకుని, కొట్ల ముందు "పది, ఇరవై నాణేలు తీసుకోబడును" అని అట్టముక్క మీద రాసి పెట్టించండి. ఒక్క కొట్టాయన పెడితే నష్టమని భయపడతాడు. ఊళ్లో అన్ని కొట్లూ ఒకే రోజు పెడితే ఎవరి గల్లాలోనూ మూట పేరుకోదు, తిరుగుతూనే ఉంటుంది. మహిళా సంఘాల అక్కలు పొదుపు డబ్బులో వీటిని కట్టించుకుంటే ఇంకా మంచిది.

భద్రాద్రి రామయ్య కథ మనకు ఉగ్గుపాలతో వచ్చింది. రామదాసును విడిపించడానికి రామలక్ష్మణులు తానీషా దగ్గరికి పోయి రాత్రికి రాత్రి రామ మాడలు చెల్లించారని చెప్తారు. తానీషా తీసుకుని రసీదు ఇచ్చాడంట. ఆ రాజు ఎప్పుడూ చూడని నాణేలను గీతలు లెక్కపెట్టకుండా తీసుకున్నాడు. మనం మాత్రం ఎక్కడా నడవని పది బిళ్ళలను పట్టుకుపోయి రామయ్య హుండీలో వేసి దండం పెట్టుకుంటున్నాం. మనిషి దగ్గర చెల్లదన్నదాన్ని దేవుడికి ఇవ్వడం ఏం న్యాయమో మీరే ఆలోచించండి.

డబ్బుకు సొంత బలం ఏమీ లేదు. ఎదుటివాడు తీసుకుంటాడనే నమ్మకమే దాని బలం. ఆ నమ్మకాన్ని ఊళ్లో నిలబెట్టేదీ మనమే, చెడగొట్టేదీ మనమే. ఎవరో ఫోన్లో పంపిన గీతల లెక్కకు మన కూలి అక్క చింతపండు డబ్బులో నూటికి ఇరవై పోగొట్టుకోకూడదు.

మీ ఊరి సంతలో పది బిళ్ళ నడుస్తోందా, లేదా? రాయండి. నడిచే ఊరైతే పేరు కూడా పెట్టండి. పక్క ఊరి కొట్టాయనకు చూపించడానికి పనికొస్తుంది.